సోవర్బీ గారు ఎటువైపు?

సోవర్బీ గారికి ఉన్నది ఒక్కటే అలవాటు. ఎక్కడైనా నలుగురు ఒక మాట మీదా ఒక్కరు ఇంకో మాట మీదా ఉంటే, ఆయన వెళ్ళి ఆ ఒక్కరి పక్కన కూర్చునేవారు. ఇంతకీ ఆ మాటేమిటో కూర్చున్నాక కనుక్కునేవారు.

మా స్కెల్‌థార్ప్‌లో ఆయన్ని ఎరగనివాళ్ళు లేరు. చర్చిలో పెళ్ళి జరుగుతుంటే గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషి అందరినీ అడిగినట్టే ఆయన్నీ అడిగేవాడు, "పెళ్ళికూతురి వైపా, పెళ్ళికొడుకు వైపా?" అని. ఆయన మెడ సాచి లోపలికి చూసి, "ఎటు ఖాళీగా ఉంది?" అనేవారు. ఒకసారి ఎక్కడో ఉత్తరాన ఉన్న దీవుల నుంచి వచ్చిన ఓడ కళాసీకి మా ఊళ్ళో పెళ్ళయింది. వాడి తరఫున ఒక్క పురుగు లేదు. సోవర్బీ గారు వెళ్ళి మొదటి వరసలో కూర్చున్నారు. ఫొటోలన్నిటిలోనూ పెళ్ళికొడుకు పక్కన టోపీ చేత్తో పట్టుకుని ఆయనే. వాళ్ళ పిల్లలు ఇప్పటికీ ఆయన్ని నాన్న వైపు తాతయ్య అనుకుంటున్నారని విన్నాను.

ఫుట్‌బాల్ ఆటకి వెళ్ళినా అంతే. మా ఊరి జనమంతా ఒకవైపు ఉంటే, ఆయన వానలో తడుస్తూ పొరుగూరి నుంచి వచ్చిన ఆ పిడికెడు మంది మధ్య నిలబడి మా గోల్‌కీపర్‌ని నోరారా తిట్టేవారు. ఆ గోల్‌కీపర్ ఆయన సొంత మేనల్లుడు.

ఆయన అండ దొరికినవాళ్ళు సంతోషించేవారనుకుంటే పొరపాటు. హడలిపోయేవారు. ఎందుకంటే ఆయన వాదన అంత ఘోరంగా ఉండేది. ఒక ఏడు కార్నివాల్ ఊరేగింపు ఏ దారిన పోవాలని కమిటీ కూర్చుంది. అందరూ సముద్రపుటొడ్డున అన్నారు. చేపల లారీ నడిపే కీత్ ఒక్కడే పెద్ద వీధిలోంచి అన్నాడు. అనగానే సోవర్బీ గారు లేచి కీత్ పక్కకి వెళ్ళారు.

"కీత్ చెప్పింది నిజం. సముద్రపు గాలి తగిలితే బాకాలకి జలుబు చేస్తుంది," అన్నారు.

కీత్ రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. కమిటీ పెద్దాయన ఉండబట్టలేక సోవర్బీ గారిని పేరు పెట్టి పిలిచి, "అది కాదయ్యా క్లెమెంట్. మెట్లు దిగలేని ముసలివాళ్ళు పెద్ద వీధిలో మేడల మీద ఉన్నారు. అటు తీసుకెళితే కిటికీల్లోంచి చూస్తారని కదా అతని మాట," అన్నారు. కీత్ తల ఊపాడు. ఆ ఏడు ఊరేగింపు పెద్ద వీధిలోంచే వెళ్ళింది. సోవర్బీ గారి వల్ల గెలిచామని మాత్రం ఎవరూ అనుకోలేదు. ఆయన ఉన్నా కూడా గెలిచామనుకున్నారు.

నేనప్పుడు రేవు వీధి లాండ్రీలో పని చేసేదాన్ని. అమ్మ ఊపిరితిత్తుల జబ్బుతో మంచాన పడ్డాక, చివరి పరీక్షలు రాయకుండానే బడి మానేశాను. ఇప్పుడా లాండ్రీ లేదు. అక్కడ ఫోన్లు బాగుచేసే దుకాణం పెట్టారు. ఆ గాజు తలుపు ముందు నుంచి వెళుతుంటే సబ్బు వాసన, తడి ఉన్ని వాసన ఇంకా తగులుతున్నట్టే ఉంటుంది. లోపల రెండు వరసల యంత్రాలు, మధ్యలో దుప్పట్లు మడిచే పొడుగు బల్ల, బల్లకి ఇటూ అటూ కుర్చీలు. బట్టలు తిరుగుతున్నంతసేపూ ఎవరూ లేచిపోలేరు కాబట్టి ఊళ్ళో తగవులన్నీ అక్కడికే వచ్చేవి. అలిగినా కోపమొచ్చినా మేజోళ్ళు ఆరేదాకా కూర్చోవలసిందే.

సోవర్బీ గారు రోజూ వచ్చేవారు. ఉతకడానికి ఒక చొక్కా ఉన్నా వచ్చేవారు, లేకపోయినా వచ్చేవారు. సన్నగా, పొడుగ్గా, సైకిలు ఎప్పుడో అమ్మేసినా పంట్లాముకి సైకిలు క్లిప్పులతో ఉండేవారు. మా వైపు ఆప్యాయంగా పిలవాలంటే మనిషిని బాతు అంటారు. "ఏం బాతూ, ఇవాళ ఎవరు ఒంటరి?" అంటూ లోపలికొచ్చి తలలు లెక్కపెట్టుకుని కుర్చీ లాక్కునేవారు. ఆ కుర్చీ కాలు ఒకటి నేల మీద కీచుమనేది. నేను వెనకగదిలో సబ్బుపొడి కొలుస్తూ ఆ కీచుని బట్టే ఎవరు ఓడిపోతున్నారో చెప్పేదాన్ని.

యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా, బయటికి రావాలా అని దేశమంతా ఓటెయ్యాల్సిన ఏడు వచ్చింది. ఆ వసంతకాలంలో ఆ కుర్చీ పడ్డ శ్రమ నేను ఇంకే కుర్చీ పడగా చూడలేదు.

ఊళ్ళో ఎక్కువమంది బయటికి అనేవారే. వాళ్ళకి పెద్ద డోరీనత్త. ఆవిడ భర్త లెన్‌కి ఒకప్పుడు చేపల పడవ ఉండేది. లోపలే ఉందాం అనేవాళ్ళు కొద్దిమంది. వాళ్ళలో గట్టి గొంతు హెస్టరత్తది. హాలండ్‌లో మాకొక జంట ఊరుంది. ఏటా వాళ్ళు మా ఊరు, మేము వాళ్ళ ఊరు వెళ్ళివచ్చే ఏర్పాట్లన్నీ ఆవిడే చూసేది. డోరీనత్త, హెస్టరత్త ప్రాణస్నేహితులు. ఇద్దరిళ్ళలోనూ ఉతికే యంత్రాలున్నాయి. అయినా మంగళవారం పొద్దున్నే దుప్పట్లు మా దగ్గరికే తెచ్చేవారు. పెద్ద దుప్పటి మడవాలంటే అటు ఒకరు, ఇటు ఒకరు ఉండాలి కదా. చెరో అంచూ పట్టుకుని, దులిపి, ఒకరికెదురుగా ఒకరు నడిచి, మూలలు కలిపి, మళ్ళీ వెనక్కి వెళ్ళేవారు. అలా నడుస్తూనే ఊరందరి గురించీ మాట్లాడుకునేవారు. నాకు తెలిసినప్పటి నుంచీ ఒకరి దుప్పటికి ఇంకొకరే అవతలి చెయ్యి.

"అరటిపండు ఎంత వంకరుండాలో కూడా యూనియన్ వాళ్ళే చెబుతారట," అన్నాడు ఒక మంగళవారం కీత్. ఆ రోజు డోరీనత్త వైపు అయిదారుగురున్నారు.

"నువ్వెప్పుడైనా అరటిపండు తిన్నావా కీత్? నిన్ను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నా, చిప్స్ తప్ప నీ నోట్లో ఏదీ పడలేదు," అంది హెస్టరత్త.

అందరూ నవ్వారు. కానీ ఆవిడ ఒక్కతే. కుర్చీ కీచుమంది.

"నేను హెస్టర్‌తో ఉన్నాను. అరటిపండు వంకరగానే ఉండాలి. తిన్నగా ఉంటే జేబులోంచి బయటికి పొడుచుకొస్తుంది. చూసేవాళ్ళు పిస్తోలు అనుకుంటారు," అన్నారు సోవర్బీ గారు.

"క్లెమెంట్, నీకు దణ్ణం పెడతాను, నా వైపు మాట్లాడకు," అంది హెస్టరత్త.

"మాట్లాడతాను బాతమ్మా. నిన్ను వదిలేస్తానా? అదీకాక, యూనియన్ వదిలేస్తే డచ్చివాళ్ళు రారు. వాళ్ళు రాకపోతే డోరీన్ చేసే కేకులు ఎవరు తింటారు? మనం తినలేం కదా."

డోరీనత్తకి అరికాలి మంట నెత్తికెక్కింది. "నా కేకుల సంగతి తర్వాత చూద్దాంగానీ, ఆవిడ బాధ అది కాదయ్యా. ఆ డచ్చి పిల్లలు వస్తారు, మన ఇళ్ళలో పడుకుంటారు, మనవాళ్ళు వెళ్ళి వాళ్ళ ఇళ్ళలో పడుకుంటారు. వాళ్ళ తాతలూ మన తాతలూ ఒకే యుద్ధంలో పోయినవాళ్ళు. ఆ రాకపోకలు చెడిపోతాయేమోనని ఆవిడ భయం. అది చెబుతోంది, నీ జేబుల సంగతి కాదు."

"అదే," అంది హెస్టరత్త.

కీత్ మాత్రం, "చిప్స్‌తో పాటు బఠానీలు కూడా తింటాను," అన్నాడు.

మనుషులు వస్తూ పోతూ ఉండేవారు కాబట్టి సోవర్బీ గారు ఒకే వాక్యంలో రెండు వైపులా ఉండాల్సొచ్చేది. ఇంకో రోజు ఆయన హెస్టరత్త పక్కన కూర్చుని, "అందుకే నేననేది, యూనియన్‌లో ఉండాలనేవాళ్ళందరూ..." అంటూ ఉండగా, కీత్ బృందం లారీ తియ్యడానికి బయటికి వెళ్ళింది. అదే తలుపులోంచి చర్చి గాయక బృందం ఆడవాళ్ళు తెల్లటి అంగీల మూటలతో వచ్చారు. అందరూ లోపలే అనేవారే. సోవర్బీ గారు వేలితో గాలిలో తలలు లెక్కపెట్టి, "...పచ్చి మూర్ఖులు," అని వాక్యం ముగించి, కుర్చీ ఈడ్చుకుంటూ డోరీనత్త పక్కకి వెళ్ళారు.

"రావద్దు," అంది డోరీనత్త.

"వచ్చేశాను. ఇదిగో అందరూ వినండి. మన సముద్రంలో చేపలకి ఇంగ్లీషు తప్ప రాదు. డచ్చివాడి వలలో పడితే పాపం వాటికి ఎటు పారిపోవాలో అర్థం కాదు. అదీ డోరీన్ వాదన."

గాయక బృందం పకపకా నవ్వింది. డోరీనత్త మొహం కందిపోయింది. అప్పుడు హెస్టరత్త మడుస్తున్న తువ్వాలు బల్ల మీద పెట్టేసింది.

"నవ్వకండి. ఆవిడ వాదన అది కాదు. యూనియన్ లెక్కకి పడవలు ఎక్కువయ్యాయని లెన్ పడవని రేవులోనే పగలగొట్టించారు. మనిషి ఒడ్డున నిలబడి చూశాడు. ఎంత చేప పట్టాలో సముద్రం చూడనివాళ్ళు ఎక్కడో కూర్చుని రాశారు. పొద్దున కిటికీ తీస్తే పడవలు కనపడే ఇంట్లో ఇప్పుడు కారు పార్కు కనపడుతోంది. మీ ఇంటి ముందు అలా అయితే మీరేమంటారు?"

నవ్వు ఆగిపోయింది. డోరీనత్త యంత్రం గాజులోకి చూస్తూ కూర్చుంది. ఇద్దరూ తమ మాట చెప్పుకోవాల్సి వస్తే అరుపులు తప్ప ఏమీ ఉండేవి కావు. అవతలిదాని మాట చెప్పాల్సి వస్తే మాత్రం ఎంత బాగా చెప్పేవారో. స్నేహం అలాంటిది కాబోలు అనుకునేదాన్ని నేను.

ఓటింగు దగ్గర పడింది. ఒక మంగళవారం సోవర్బీ గారు రాలేదు. పన్ను పీకించుకోవడానికి పక్క ఊరు వెళ్ళారు. వాన వల్ల ఇంకెవరూ రాలేదు. లాండ్రీలో ఉన్నది ఇద్దరత్తలూ, నేనూ. ఇద్దరి మధ్యా దుప్పటి ఉంది. మాట ఎక్కడ మొదలైందో నాకు తెలియదు. హెస్టరత్త గొంతు మాత్రం విన్నాను.

"లెన్ పడవని బ్రస్సెల్స్‌ యూనియన్ వాళ్ళు ముంచలేదు డోరీన్. అది ఎప్పుడో పుచ్చిపోయింది. నీకూ తెలుసు."

డోరీనత్త చాలా నెమ్మదిగా అంది. "నువ్వు లెస్టర్ నుంచి వచ్చినదానివి. ఎన్నేళ్ళున్నా వచ్చినదానివే. ఇది నీ ఊరు కాదు. నీకేం తెలుస్తుంది?"

హెస్టరత్త తన అంచు వదిలేసింది. సగం దుప్పటి నేల మీద పడింది. దాన్ని అలాగే ఉండగా చుట్టుకుని, వానలోకి వెళ్ళిపోయింది.

మర్నాడు సోవర్బీ గారు బుగ్గ వాచిపోయి వచ్చారు. జరిగింది చెప్పాను. ఆయన కుర్చీ లాక్కోలేదు. నిలబడే ఉన్నారు.

"ఇద్దరే ఉన్నారా?"

"ఇద్దరే."

"ఇద్దరుంటే ఒంటరి ఎవరు బాతూ?"

"తెలీదండీ."

"అదే చిక్కు. రెండు ఓట్ల ఇల్లు చాలా ప్రమాదం." వాచిన బుగ్గ పట్టుకుని ఆయన నవ్వబోయారు గాని నవ్వు రాలేదు. "దేశం ఇదే మాట డెబ్భై అయిదులో కూడా అడిగింది. అప్పుడు నేను ఉండాలన్నాను. మా ఆవిడ లిలియన్ వద్దంది. నేను గెలిచాను. మామూలు గెలుపు కాదు, దేశమంతా నావైపే. ఈల వేసుకుంటూ ఇంటికెళ్ళాను. చూస్తే, బల్లకి అవతలివైపు లిలియన్ ఒక్కతే కూర్చుని ఉంది."

"ఏమన్నారావిడ?"

"అంతమంది నీవైపు ఉన్నారు కదా, వాళ్ళెవరినైనా బంగాళాదుంపలు ఉడకబెట్టి పెట్టమను, అంది."

ఆ వారమే హెస్టరత్త ఇంటి ముందు అమ్మకానికి అని బోర్డు వెలిసింది. లెస్టర్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతుందట. ఊరంతా చూసింది. డోరీనత్త కూడా చూసింది. లాండ్రీకి వచ్చి, "ఆ బోర్డు వంకరగా పాతారు," అంది. హెస్టరత్త మంగళవారాలు మానేసి బుధవారాలు రావడం మొదలుపెట్టింది. చిన్నవే తెచ్చేది, ఒంటిచేత్తో మడుచుకోగలిగినవి. డోరీనత్త మంగళవారాలు దుప్పటి ఒక అంచు గడ్డం కింద నొక్కిపెట్టి తంటాలు పడేది. నేను పట్టుకుంటానంటే, "నువ్వు పొట్టి, అంచు నేలకి తగులుతుంది," అనేది. నేను ఆవిడ కంటే పొడుగు.

ఓటింగు రోజు వచ్చింది. పెట్టె చర్చి పక్క హాల్లో పెట్టారు. నేను మధ్యాహ్నం వెళ్ళేసరికి సోవర్బీ గారు గేటు దగ్గర నిలబడి లోపలికెళ్ళే ప్రతివాళ్ళనీ, "ఎటు బాతూ, ఎటు?" అని అడుగుతున్నారు. లోపలి అధికారి రెండుసార్లు బయటికొచ్చి ఇది రహస్య ఓటింగని చెప్పి వెళ్ళింది. ఆయన గేటుకి కాస్త దూరంగా ఉన్న చెట్టు కిందకి జరిగి మళ్ళీ అడగడం మొదలుపెట్టారు.

"నీ బాధేంటి క్లెమెంట్?" అన్నాడు కీత్.

"ఊరి లెక్క చూస్తే లోపలివాళ్ళు తక్కువ. పేపర్లో దేశం లెక్క చూస్తే బయటివాళ్ళు తక్కువట. నేనిప్పుడు ఊరిని బట్టి వెయ్యాలా, దేశాన్ని బట్టి వెయ్యాలా?"

"నీకేది మంచిదనిపిస్తే దానికి వెయ్యి."

"అంత తేలికైతే అందరూ అదే చేసేవారు కదా."

డోరీనత్త చేతిలో సొంత పెన్నుతో వచ్చింది. లోపలున్న పెన్సిళ్ళతో గీస్తే ఎవరో చెరిపేస్తారని ఊళ్ళో పుకారు. సరిగ్గా అప్పుడే హెస్టరత్త ఓటేసి బయటికొస్తోంది. గేటు ఇరుకు. ఇద్దరూ ఒకేసారి ఆగారు. మా ఊళ్ళో ఎంత పగ ఉన్నా దారి ఇవ్వకుండా ఉండరు. "మీరు రండి," అంది ఒకావిడ. "పరవాలేదు, మీరు రండి," అంది ఇంకొకావిడ. అలా మీరు మీరు అనుకుంటూ చాలాసేపు నిలబడ్డారు. వాళ్ళ వెనక ఓటర్ల వరస పెరిగిపోయింది. నాకు తెలిసి వాళ్ళిద్దరూ ఒకరినొకరు మీరనుకోవడం అదే మొదలు. చూడలేకపోయాను.

సోవర్బీ గారు తలుపులు మూసే ముందు లోపలికెళ్ళారట. తెర చాటున ఎంతసేపున్నారంటే అధికారి ఆయన ప్రాణం మీదకేమైనా వచ్చిందేమోనని దగ్గిందట. ఎటు వేశారో ఎవరికీ తెలియదు.

తెల్లారేసరికి బయటికి అన్నవాళ్ళు గెలిచారు. ఆ శుక్రవారం లాండ్రీ అంత కిటకిటలాడడం నేనెప్పుడూ చూడలేదు. మాట్లాడుకోవడానికి ఇంకో చోటు లేక కొందరు ఉతికిన బట్టలే మళ్ళీ తెచ్చారు. డోరీనత్త మంచి కార్డిగన్ వేసుకుని, పళ్ళెం నిండా సాసేజ్ రోల్స్ తెచ్చింది. కీత్ మూడు తిన్నాడు. అందరూ ఆవిడ భుజం తడుతున్నారు. ఆవిడ అందరికీ థాంక్స్ చెబుతోంది గాని, తలుపు చప్పుడైనప్పుడల్లా అటు చూస్తోంది.

అంతలో హెస్టరత్త వచ్చింది. బుట్టలో పెద్ద దుప్పట్లు. మర్నాడు ఇల్లు చూడడానికి ఎవరో వస్తున్నారట. అందరూ తినడం ఆపి అటు తిరిగారు. యంత్రాలు మాత్రం తిరుగుతున్నాయి.

"అభినందనలు," అంది హెస్టరత్త.

"థాంక్స్ అండీ," అంది డోరీనత్త.

హెస్టరత్త దుప్పట్లు వేసి, గోడవైపు మొహం తిప్పుకుని కూర్చుంది. ఉతకడం అయింది, ఆరడం అయింది. ఎవరూ వెళ్ళలేదు. ఆవిడ మొదటి దుప్పటి తీసి, ఒక అంచు పట్టుకుని, రెండో అంచు కోసం చెయ్యి చాచి, అక్కడ ఎవరూ లేరని గుర్తొచ్చి ఆగింది.

కుర్చీ కీచుమంది.

"ఇంకెటు పోతాడు," అన్నాడు కీత్.

సోవర్బీ గారు అవతలి అంచు పట్టుకున్నారు. హెస్టరత్త కుడివైపు తిప్పితే ఆయన ఎడమవైపు తిప్పారు. దుప్పటి తాడులా మెలిపడింది. విప్పబోయి ఆయన తానే దాంట్లో ఒక చుట్టు చుట్టుకున్నారు. ఒక కాలు అంచు మీద వేసి, రెండో కాలితో దాన్ని లాగారు.

"అలా కాదు క్లెమెంట్," అంది హెస్టరత్త.

"ఓడిపోయినవాళ్ళం, మన పద్ధతి మనది. లెస్టర్‌లో దుప్పట్లు మడవరు, ఉండ చుట్టి పడేస్తారని విన్నాను. అలాగే చేద్దాం."

బల్లకి ఇటువైపు నుంచి డోరీనత్త గొంతు వినిపించింది. "ఎవరు చెప్పారయ్యా నీకు? ఆవిడ మడిచినంత చక్కగా ఈ ఊళ్ళో ఒక్కళ్ళు మడవరు."

"ఈ ఊరి సంగతి ఎందుకు డోరీన్?" సోవర్బీ గారు దుప్పట్లోంచి తల బయటికి పెట్టారు. "ఆవిడ ఈ ఊరిది కాదు కదా. నేనూ ఆవిడ పక్షమే. ఎన్నేళ్ళున్నా మేము వచ్చినవాళ్ళమే. మాకేం తెలుస్తుంది?"

ఆయన పుట్టింది రేవు వీధి చివరింట్లో. ఆ సంగతి అక్కడ అందరికీ తెలుసు. ఆ మాటలు ఎవరివో మాత్రం నలుగురికే తెలుసు. డోరీనత్త చేతిలో సాసేజ్ రోల్ పళ్ళెంలో పెట్టేసింది. ఆవిడ మెడ మీద ఎర్రటి మచ్చలు లేచాయి.

"ఆవిడ ఈ ఊరిది కాదా? ఈ ఊళ్ళో ఎవడికి జ్వరమొచ్చినా సూప్ గిన్నె పట్టుకుని పరిగెత్తేది ఎవరు? లెన్ పోయినప్పుడు పది రాత్రులు నా ఇంట్లో సోఫా మీద కాళ్ళు ముడుచుకుని పడుకున్నది ఎవరు? ఆవిడ ఈ ఊరిది కాదన్న దానికి బుద్ధి లేదు. నోరు ఉందని అనేసింది. ఆవిడది కాకపోతే ఇది అసలు ఊరే కాదు. ఇలా తే ఆ దుప్పటి, దాన్ని చంపేస్తున్నావు."

ఆయన చేతుల్లోంచి అంచు లాక్కుంది. ఇద్దరూ దుప్పటి దులిపారు. ఒకరికెదురుగా ఒకరు నడిచారు. మూలలు కలిపినప్పుడు చేతులు కాసేపు అక్కడే ఉండిపోయాయి.

"పడవ గురించి నేనన్నది..." అని మొదలుపెట్టింది హెస్టరత్త.

"పుచ్చిందేలే. లెన్‌కీ తెలుసు. అంచు తిన్నగా పట్టు."

"నువ్వు ఓటు తప్పు వేశావు డోరీన్."

"నువ్వే తప్పు వేశావు. వెనక్కి నడు."

రెండో దుప్పటి తీశారు. దాని మధ్యకొచ్చేసరికి హెస్టరత్త, "మరి రేపు ఇల్లు చూడ్డానికి వచ్చేవాళ్ళకి ఏం చెప్పను?" అంది.

"ఏం చెప్పక్కర్లేదు. క్లెమెంట్‌ని గుమ్మంలో నిలబెట్టు. ఇల్లు బ్రహ్మాండంగా ఉందని ఇతను ఒక్క మాట చెబితే చాలు, వాళ్ళే పారిపోతారు."

గది గదంతా నవ్వింది. హెస్టరత్త దుప్పట్లో మొహం పెట్టుకుని నవ్వింది. చాలాసేపు బయటికి తియ్యలేదు.

నేను నవ్వుతూ అటు తిరిగాను. వెనక వరసలో, అందరికీ వీపు పెట్టి, సోవర్బీ గారు యంత్రంలోంచి తన దుప్పటి తీసుకుంటున్నారు. ఇద్దరు మనుషులు పట్టాల్సిన పెద్ద దుప్పటి. ఆయన దాన్ని గాలిలోకి ఒక్క విసురు విసిరి, రెండు మూలలు వేళ్ళకి తగిలించి, మోచేత్తో సగానికి తుంచినట్టు మడిచి, మళ్ళీ మడిచి, అరచేత్తో ఒక్కసారి నిమిరారు. పుస్తకంలా తయారైంది. నా జీవితమంతా దుప్పట్ల మధ్యే గడిపాను, అంత నున్నటి మడత నేనెప్పుడూ వెయ్యలేదు. జేబులో అరటిపండు, ఇంగ్లీషు తప్ప రాని చేపలు, జలుబు చేసిన బాకాలు అన్నీ ఒక్కసారి నా కళ్ళ ముందు తిరిగాయి.

ఆయన తలెత్తి, నేను చూడడం చూశారు. వెంటనే ఆ దుప్పటిని గబగబా నలిపి, ఉండ చేసి, సంచిలో కుక్కేశారు.

"ఏమైనా ఉండ చుట్టడమే సరైన పద్ధతి," అన్నారు గట్టిగా, అందరూ వినేలా.

"మతి పోయిందా?" అంది డోరీనత్త. "ముడతలు పడవూ?" అంది హెస్టరత్త. కీత్, గాయక బృందం, సాసేజ్ రోల్స్ తినేవాళ్ళు, తినడం అయిపోయినవాళ్ళు, లోపలే అన్నవాళ్ళు, బయటికి అన్నవాళ్ళు, అందరూ ఒక్కటై ఆయన మీద పడ్డారు. ఆ ఏడాదిలో మా ఊరు ఒక్కమాట మీద నిలబడింది అప్పుడే. ఆయన గది మధ్యలో కుర్చీ వేసుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని, ఒంటరిగా, హాయిగా కూర్చుని వాదిస్తున్నారు.

నేను నలుగురిలో నోరు విప్పే మనిషిని కాదు. అందుకే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"సోవర్బీ గారు చెప్పింది నిజం. ఉండ చుడితే తలగడగా కూడా పనికొస్తుంది."

అందరూ నా వైపు తిరిగారు. "దేవుడా, ఇంకొకతి తయారైంది," అంది డోరీనత్త.

సోవర్బీ గారు మాత్రం, అందరి వైపుకీ వెళ్ళిన మనిషి, తన వైపుకి ఎవరైనా వస్తే ఏం చెయ్యాలో తెలియనట్టు కాసేపు నన్ను చూశారు. తర్వాత కుర్చీలో ఓ చివరికి జరిగి, మిగిలిన సగం నాకు చూపించారు.